ముడుపు కట్టిన మాత్రలు

మొన్న ఒకరోజు పొద్దున్నే పెరట్లో కరివేపాకు చెట్టుకు నీళ్ళు పోస్తుంటే పక్కింటి అమ్మాయి గోడ మీదుగా తొంగిచూసి పలకరించింది. పెరడు అని మాటవరసకు అన్నాను గానీ, ఈ అమెరికా ఎడారి ఊరు, మా చాండ్లర్‌లో పెరడంటే గులకరాళ్ళు పరిచిన జానెడు చోటు. ఇక్కడి ఎండలకు కరివేపాకు బతకడమే గొప్ప, నాది బతికిందంటే దానికి నేను గొడుగు పట్టి పెంచానని మా ఆయన ఇప్పటికీ వేళాకోళం చేస్తుంటారు. ఆ పిల్ల ఇక్కడే పుట్టింది, నా కళ్ళముందే పెరిగింది, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. ఎలా ఉన్నారు ఆంటీ అని అడిగింది, బాగానే ఉన్నానమ్మా అన్నాను. తను అడగడమూ నేను అలా అనడమూ రోజూ ఉండేదే. ఆ తర్వాత మాత్రం ఎప్పుడూ అడగనిది అడిగింది.

“ఆంటీ, నెక్స్ట్ వీక్ నాకు నాచురోపాత్‌తో ఫస్ట్ అపాయింట్‌మెంట్ ఉంది. మీరు అలాంటి క్లినిక్‌లో వర్క్ చేశారంట కదా, అమ్మ చెప్పింది. వెళ్ళేముందు నేను ఏమేం తెలుసుకోవాలి?”

నా చేతిలో పైపు పారుతూనే ఉంది. పాదులో నీళ్ళు నిండి గులకరాళ్ళ మీదికి పొర్లుతున్నా కట్టెయ్యాలని తోచలేదు. సాయంత్రం ఆఫీసు అయ్యాక ఇంటికి రా, తీరిగ్గా చెబుతాను అని ఆ పిల్లను పంపించేసి లోపలికి వచ్చి కూర్చున్నాను. చెప్పాల్సింది పెద్దగా ఏమీ లేదు, ఆ క్లినిక్ ముందు గదిలో కూర్చుని ఏళ్ళ తరబడి వచ్చినవాళ్ళందరికీ చెప్పిన మాటలే. కానీ ఆ మాటల్లో ఏది తలుచుకున్నా దాని వెనకాలే మా అక్కయ్య వచ్చి నిలబడుతుంది. అక్కయ్య అంటే తోడబుట్టినది కాదు, నా తోడికోడలు, మా బావగారి భార్య. తోడికోడళ్ళకు పడదని లోకం అంటుంది. లోకానికి తెలియనివి చాలా ఉంటాయి.

అప్పట్లో మా ఆయనా, బావగారూ ఇద్దరూ కంప్యూటరు చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీల్లో పని చేసేవారు, రెండు ఇళ్ళూ నాలుగు వీధుల ఎడంలో ఉండేవి, మా అత్తగారు బావగారి దగ్గర ఉండేది. నాకు పని చేసుకునే అనుమతి కాగితం ఏళ్ళ తరబడి రాలేదు. మీలో చాలామంది ఆడవాళ్ళకు ఆ రోజులు నేను వర్ణించి చెప్పక్కర్లేదు, చదువుకున్న చదువును బీరువాలో పెట్టి తాళం వేసుకున్న రోజులవి. తీరా ఆ కాగితం వచ్చేసరికి నా చదువుకు తగిన ఉద్యోగం ఇచ్చేవాళ్ళు లేకపోయారు. ఈత కొలనుల సామాన్లు అమ్మే కొట్టు పక్కన రెండు గదుల క్లినిక్ ఒకటి ఉండేది, దాని తలుపు మీద, ముందు గదిలో కూర్చునే మనిషి కావాలని కాగితం అంటించి ఉంటే, మా ఆయన కారు ఆపి, అడిగితే పోయేదేముంది అన్నారు. అడిగాను, వెంటనే తీసుకున్నారు.

అది ప్రకృతి వైద్యుల క్లినిక్ అని అప్పుడు నాకు తెలియదు. డాక్టరమ్మ అమెరికన్ ఆవిడ, అప్పటికే తల నెరిసింది, సన్నగా పొడుగ్గా ఉండేది, ఎవరితో మాట్లాడినా వాళ్ళు చెప్పడం పూర్తయ్యేదాకా కలం ముట్టుకునేది కాదు. మన దేశంలో ప్రకృతి వైద్యం అంటే మనకు తెలిసింది వేరు. పొట్ట మీద మట్టి పట్టీలు, తొట్టి స్నానాలు, ఉప్పు లేని చప్పిడి కూరలు, లంఖణం పరమౌషధం అని ఒక బోర్డు. ఇక్కడ ఆవిడ తెల్లకోటు వేసుకుని, గుండెకు గొట్టం పెట్టి చూసి, రక్తపరీక్షలు రాసేది. నేను చేరాక మా తెలుగువాళ్ళు ఒకరి వెంట ఒకరు రావడం మొదలుపెట్టారు, ఒక పెద్దాయనైతే మట్టి స్నానం చేయిస్తారేమోనని లుంగీ, తువ్వాలు, తలకు రాసుకునే నూనె సీసాతో సహా దిగాడు. డాక్టరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి గంటకు పైగా ప్రశ్నలు అడిగితే, బయటికి వచ్చి, ఇదేం వైద్యమమ్మా, పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదు నన్ను, అన్నాడు.

కొత్తగా వచ్చే వాళ్ళందరికీ ఫోనులోనే నేను చెప్పాల్సినవి కొన్ని ఉండేవి. మొదటిసారి చాలాసేపు పడుతుంది, మధ్యలో లేచి మీటింగుకు పరిగెత్తకూడదు. ఏం తింటారు, ఎలా పడుకుంటారు, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, మనసు ఎలా ఉంటోంది, అన్నీ అడుగుతారు, అవి ఎందుకని విసుక్కోకూడదు. అన్ని ఇన్సూరెన్సులూ దీన్ని ఒప్పుకోవు, ముందే కనుక్కోవాలి. రాష్ట్రానికో రూలు ఉంటుంది, లైసెన్సు ఉన్నవాళ్ళూ ఉంటారు, ఊరికే బోర్డు కట్టుకున్నవాళ్ళూ ఉంటారు, ఎక్కడ చదివారు, లైసెన్సు ఉందా అని ఎవరినైనా మొహమాటం లేకుండా అడగాలి. ఛాతీలో నొప్పో, మాట తడబడడమో జరిగితే ఇక్కడికి కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో మీరు నోట్లో వేసుకునే ప్రతి మందునూ ఒక సంచిలో వేసుకుని తీసుకురావాలి.

ఆ సంచి దగ్గరే మనవాళ్ళతో చిక్కు. మందులేమైనా వాడుతున్నారా అంటే ఏమీ లేదండీ అనేవారు, సంచి తెచ్చి బల్ల మీద బోర్లిస్తే త్రిఫల చూర్ణం, అశ్వగంధ లేహ్యం, ఎవరో చుట్టాలు వస్తూ తెచ్చిపెట్టిన షుగరు మాత్రలు, పేరు కూడా చిరిగిపోయిన నొప్పుల గోళీలు, అన్నీ జలజలా రాలేవి. ఇవి మందులు కావా అని డాక్టరమ్మ అడిగితే, అవి ఇంట్లోవి కదండీ అనేవారు. మనకు మందు అంటే డాక్టరు చీటీ మీద రాసిందే, మిగతాదంతా తిండి కిందికే వస్తుంది. ఆవిడకు ఇది బాగా అర్థమైపోయింది. ఎలా ఉన్నారు అని అడిగితే మనవాళ్ళు చెప్పే జవాబు కూడా ఆవిడకు వచ్చేసింది. తెలుగులో నాకు తెలిసింది ఒక్క మాటే, బాగానే ఉన్నా, ఆ ఒక్క మాటనూ నేను నమ్మను, అని కొత్తవాళ్ళతో తన అమెరికన్ యాసలో అంటూ నవ్వేది.

ఆ మాటకు మా అక్కయ్య పెట్టింది పేరు. చేతి మీద నూనె చింది బొబ్బలెక్కినా బాగానే ఉన్నా, చలిజ్వరంతో వణుకుతున్నా బాగానే ఉన్నా. అత్తగారు మంచాన పడ్డ కాలమంతా ఆవిడకు తల దువ్వడం దగ్గర్నుంచి పక్క మార్చడం దాకా అక్కయ్యే చేసింది, నేను పిల్లలతో, ఉద్యోగంతో వారాంతాల్లో వెళ్ళి చేయి వేసేదాన్ని. అత్తగారు పోయాక అక్కయ్యకు గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు బయటపడింది. గుండె డాక్టరు రక్తం గడ్డకట్టకుండా రోజూ వేసుకోమని ఒక మాత్ర ఇచ్చాడు. అది వేసుకుంటూనే ఉంది, కానీ మోకాళ్ళ నొప్పులు, నిద్ర లేదు, మొహం పాలిపోయింది, ఏ డాక్టరూ అయిదు నిమిషాలకు మించి మాట్లాడడు. మా డాక్టరమ్మ దగ్గరికి రమ్మని నేనే అడిగాను, బావగారు కూడా సరేనన్నారు.

ఆ మొదటిరోజు నాకు నిన్న జరిగినట్టే ఉంది. ముగ్గురం లోపల కూర్చున్నాం, నేను తర్జుమా చెయ్యడానికి. నిద్ర ఎలా ఉంది అని డాక్టరమ్మ అడిగితే, పర్వాలేదండీ, పడుకుంటుంది అని బావగారు చెప్పారు. ఆకలి ఎలా ఉంది అంటే, బాగానే తింటుంది అని ఆయనే చెప్పారు. ఆయన చెడ్డవాడు కాదు, అక్కయ్య అంటే ప్రాణం, మనలో ఆ తరం మగవాళ్ళందరి అలవాటే అది, పెళ్ళాం తరఫున బ్యాంకులో మాట్లాడినట్టే డాక్టరు దగ్గరా మాట్లాడతారు. డాక్టరమ్మ కోప్పడలేదు. బయట మంచి కాఫీ ఉంది, కాసేపు తాగుతూ కూర్చోండి అని ఆయన్ని సాగనంపి, తలుపు వేసి వచ్చి, అక్కయ్య ఎదురుగా కుర్చీ లాక్కుని, మీరు చివరిసారి కూర్చుని అన్నం తిన్నది ఎప్పుడు అని అడిగింది.

నేను ఆ ప్రశ్నను తెలుగులో చెప్పాను. అక్కయ్య కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. నేను మళ్ళీ చెప్పబోతే డాక్టరమ్మ చేయి అడ్డం పెట్టి ఆపింది. చివరికి అక్కయ్య నోరు విప్పి, అత్తగారు మంచాన పడ్డప్పటి నుంచి స్టౌ దగ్గర నిలబడే తింటున్నానని, కూర్చుంటే ఆవిడ పిలిచినప్పుడు మోకాళ్ళతో లేవలేక ఆలస్యమవుతుందని అలా అలవాటైందని, ఆవిడ పోయినా ఇంకా కూర్చోబుద్ధి కావడం లేదని చెప్పింది. నిద్ర గురించి కూడా చెప్పింది. తెల్లవారుజామున ఆవిడ మంచినీళ్ళు అడిగే వేళకు ఇప్పటికీ మెలకువ వస్తుందట, లేచి గ్లాసుతో నీళ్ళు పట్టుకుని ఆ గదిదాకా వెళ్ళి, ఖాళీ మంచం చూసి, ఆ నీళ్ళు తనే తాగి వస్తుందట. నేను తర్జుమా చెయ్యలేక ఏడ్చేశాను. నాలుగు వీధుల అవతల ఉన్నానన్న మాటే గానీ నాకు ఇవేవీ తెలియవు. అక్కయ్య మాత్రం ఏడవలేదు, బరువు దింపుకున్న మనిషిలా వెనక్కి ఆనుకుని కూర్చుంది.

తర్వాత డాక్టరమ్మ సంచిలోవన్నీ ఒక్కొక్కటీ తీసి చూసింది. గుండె మాత్రల సీసా చేతిలో పట్టుకుని, ఇది మాత్రం ఏ పరిస్థితిలోనూ ఆపకూడదు, నేనిచ్చేవి దీనికి బదులు కాదు, దీనికి తోడు, అని చెప్పింది. ఎవరో నొప్పులకు మంచిదని ఇచ్చిన పసుపు క్యాప్సూల్స్ మాత్రం పక్కన పెట్టించింది, అవి కూడా రక్తాన్ని పల్చన చేస్తాయి, ఆ మాత్రతో కలిస్తే ప్రమాదం అంది. గుండె డాక్టరుతో తనే ఫోనులో మాట్లాడింది. నేను ఆ మాటలన్నీ అక్కయ్యకు ఒకటికి రెండుసార్లు చెప్పాను, బావగారిని లోపలికి పిలిచి ఆయనకూ చెప్పాను. సరేనంటే సరేనన్నారు ఇద్దరూ.

ఆ తర్వాత వచ్చిన నెలలు మా రెండు ఇళ్ళకూ పండగ లాంటివి. డాక్టరమ్మ చెప్పిందల్లా అక్కయ్య తు.చ. తప్పకుండా చేసేది. బల్ల దగ్గర కూర్చుని, కంచం పెట్టుకుని, టీవీ కట్టేసి తినడం నేర్చుకుంది. కాళ్ళకు ఏవో వ్యాయామాలు, పడుకునే ముందు గోరువెచ్చని నీళ్ళలో పాదాలు పెట్టుకోవడం, పొద్దున్నే కాలువ గట్టు మీద నడక. చాండ్లర్‌లో ఎండ ముదరకముందే కాలువ పక్కన నడిచేవాళ్ళను మీరు చూసే ఉంటారు, వాళ్ళలో మేమిద్దరమూ ఉండేవాళ్ళం. నిద్ర పట్టడం మొదలైంది, మొహంలో కళ వచ్చింది. చూడు, మీ డాక్టరమ్మ చెయ్యి మంచిది, అనేది. ఒకసారి గోంగూర పచ్చడి చేసి పట్టుకొచ్చింది, డాక్టరమ్మ అది రొట్టె మీద రాసుకుని తిని కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే కూడా బాగుంది బాగుంది అంది.

ఆ నడకలోనే ఒకసారి అక్కయ్య తన చిన్నప్పటి సంగతి చెప్పింది. వాళ్ళ తమ్ముడికి పచ్చకామెర్లు వస్తే పక్క ఊరి పసరు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారట. ఆయన పసరు పోసి, ఉప్పు లేదు, పులుపు లేదు, ఇంగ్లీషు మందు గడప తొక్కకూడదు అని పథ్యం చెప్పాడట. మధ్యలో జ్వరం వచ్చిందని వాళ్ళ నాన్న ఎవరికీ చెప్పకుండా పట్నం నుంచి బిళ్ళ తెచ్చి వేశాడట, పిల్లవాడు దక్కలేదట. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా అని వాళ్ళ నాయనమ్మ బతికినన్నాళ్ళూ కొడుకును దెప్పుతూనే ఉందట. ఇక్కడి వైద్యం అలా కాదక్కయ్యా, ఆవిడే రెండూ వేసుకోమంది కదా అన్నాను నేను. అవునవును, ఇది వేరు, అంది తను, ఆ మాటతో ఇద్దరం కాలువలో బాతులను చూస్తూ ముందుకు నడిచాం.

ఆ రోజు ఏ పండగా కాదు, ఏ విశేషమూ లేదు. బావగారు స్నానం చేసి వచ్చేసరికి అక్కయ్య బల్ల దగ్గర ఇడ్లీ కంచం ముందు కూర్చుని ఉంది, చెంచా కింద పడిపోయి ఉంది, ఆయన ఏమిటని అడిగితే ఆయన వైపు చూసింది గానీ మాట రాలేదు, మూతి ఒక పక్కకు వెళ్ళిపోయి ఉంది. అంబులెన్సు వచ్చింది, ఆసుపత్రికి మేమూ పరిగెత్తాం. రక్తం గడ్డ మెదడులో అడ్డుపడిందన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క దెబ్బకు పోయాయి. ఏ మందులు వాడుతోందని అక్కడి డాక్టర్లు అడిగితే బావగారు గుండె మాత్ర రోజూ వేసుకుంటుందని గట్టిగా చెప్పారు. అదే నిజమైతే ఇలా జరిగే అవకాశం తక్కువే, ఒకసారి సీసాలు తెచ్చి చూపించండి అని వాళ్ళు అడగడంతో నేను ఇంటికి వచ్చాను.

సంచిలో ఆ సీసా లేదు. వంటింట్లో, పడగ్గదిలో, బాత్‌రూములో, ఎక్కడా లేదు. చివరికి దేవుడి గూట్లో కనిపించింది. పసుపులో ముంచి ఆరబెట్టిన గుడ్డలో, నెలనెలా తెచ్చిన సీసాలన్నిటినీ చుట్టి, ముడి వేసి, స్వామి పటం ముందు పెట్టి ఉంది. ముడి విప్పితే నిండుగా మాత్రలు, వాటితో పాటు ఒక క్వార్టరు, పావు డాలరు నాణెం. ఇక్కడ రూపాయి దొరకదు కదా, అందుకని క్వార్టరు పెట్టి ముడుపు కట్టింది మా అక్కయ్య. ఈ వైద్యానికి నన్ను పూర్తిగా అప్పగించుకుంటున్నాను, ఇంకో మందు తాకను, నయం చెయ్యి స్వామీ, అని మొక్కుకుని ఉంటుంది. డాక్టరమ్మ పేరు చెడకూడదని, ఆ చేతి వైద్యానికి మైల పడకూడదని అలా చేసింది. అపనమ్మకంతో మందు మానేసేవాళ్ళను నేను చూశాను. నమ్మకం ఎక్కువై మానేసిన మనిషి నాకు తెలిసి ఆమె ఒక్కతే. ఆ గుడ్డను చేతిలో పట్టుకుని ఆ గదిలో నేను పెట్టిన శోకం ఆ స్వామికి తప్ప ఎవరికీ వినబడలేదు.

ప్రాణం దక్కింది, ఇంటికి తీసుకొచ్చాం. మాట నేర్పే అమ్మాయి ఒకతె వారం వారం వచ్చేది. కొంతకాలానికి మాట వచ్చిందని బావగారు ఫోను చేస్తే పరిగెత్తుకుంటూ వెళ్ళాను. వచ్చింది ఒకే ఒక్క మాట. దాహంగా ఉందా అంటే బాగానే ఉన్నా. దిండు సర్దమంటావా అంటే బాగానే ఉన్నా. తనకు కావలసింది వేరే ఏదో అని కళ్ళలో కనిపిస్తూనే ఉంటుంది, నోరు మాత్రం ఆ మాటే అంటుంది, అన్నాక అది కాదన్నట్టు తల అడ్డంగా ఊపుకుంటుంది. ఇలాంటి జబ్బులో జీవితమంతా ఎక్కువసార్లు పలికిన మాట ఒక్కటి ఒక్కోసారి మిగిలిపోతుందని ఆ నేర్పే అమ్మాయి చెప్పింది. అన్నేళ్ళకు ఒక తలుపు వేసిన గదిలో కూర్చుని తన బాధ తన నోటితో చెప్పుకున్న మనిషికి, మళ్ళీ ఆ మాటే సంకెల అయింది.

బావగారు ఆ దుఃఖంలో డాక్టరమ్మను అనరాని మాటలన్నీ అన్నారు. మందు మానెయ్యమని ఆవిడే చాటుగా చెప్పి ఉంటుందని ఆయన నమ్మకం. ఆవిడ ఏం చెప్పిందో నేను ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవికి ఎక్కలేదు, ఆయనకు కోపం పెట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి. ఒకరోజు అక్కయ్య మంచం పక్కనే నిలబడి నాతో అనేశారు.

“నువ్వే తీసుకెళ్ళావమ్మా ఆవిడ దగ్గరికి. ఆకులూ అలములూ ఇచ్చి నా ఇల్లు కూల్చేసింది.”

అప్పుడు మంచం మీద చప్పుడైంది. అక్కయ్య ఎడమ చెయ్యి ఎత్తి దుప్పటి మీద కొడుతోంది. ఇద్దరం చూశాక ఆ చేత్తో నావైపు చూపించి కాదన్నట్టు ఊపింది, తలుపు వైపు, అంటే బయటి లోకంలో ఉన్న డాక్టరమ్మ వైపు చూపించి కాదన్నట్టు ఊపింది. ఆ తర్వాత అరచెయ్యి తన గుండెల మీద పెట్టుకుని, తట్టుకుంటూ, నేనే అని చెప్పడానికి నోరు తెరిచింది.

“బాగానే ఉన్నా,” అంది. కళ్ళమ్మట ధారగా నీళ్ళు. “బాగానే ఉన్నా... బాగానే ఉన్నా...”

బావగారు మంచం పక్కన నేల మీద కూలబడి ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చారు. ఆ తర్వాత ఆయన ఎవరినీ ఒక్క మాట అనలేదు. వంట నేర్చుకున్నారు, అన్నం మెత్తగా కలిపి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తను కూడా పక్కన కూర్చుని తినిపించేవారు. కూర్చుని తినాలన్నది ఆ డాక్టరమ్మ మాట కదా, అది మాత్రం ఆయన మరిచిపోలేదు.

డాక్టరమ్మ ఒక ఆదివారం తనంతట తానే చూడడానికి వచ్చింది. క్లినిక్‌లో లాగే కుర్చీ దగ్గరికి లాక్కుని, అక్కయ్య చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఎలా ఉన్నారు అని అడిగింది. అక్కయ్యకు వచ్చిన మాట ఒక్కటే కదా, అదే చెప్పింది. ఆ మాటను నమ్మనని అందరితో నవ్వుతూ అనే ఆవిడకు ఆ రోజు నవ్వు రాలేదు. నమ్మను అని నెమ్మదిగా అని, ఆ చెయ్యి తన చెంపకు ఆనించుకుని చాలాసేపు కూర్చుంది. కారు దాకా సాగనంపడానికి నేను వెళితే, ఆవిడ తలుపు తీస్తూ, ఏమేం వాడుతున్నారని అడిగాను గానీ ఏమేం మానేశారని అడగలేదు, అంది నాతో.

ఆ మరుసటి రోజు నుంచి మా క్లినిక్‌లో ఆ ప్రశ్న కూడా చేరింది. వచ్చిన ప్రతిసారీ, ప్రతి ఒక్కరినీ, తెలుగువాళ్ళయితే నేనే తెలుగులో అడిగేదాన్ని, పోయినసారి వచ్చి వెళ్ళాక ఏమైనా మానేశారా అని. ఎంతమంది తలలు దించుకునేవారో చెప్పలేను. పథ్యం అనుకున్నామండీ అని ఒకరు, రెండూ కలిస్తే వేడి చేస్తుందని మా అమ్మ అందండీ అని ఒకరు. వాళ్ళ మీద నాకు ఒక్కనాడూ కోపం రాలేదు. ఒక్కొక్కరూ ఒప్పుకున్నప్పుడల్లా, అక్కయ్యా, ఇంకొకరు దక్కారు, అని లోపల అనుకునేదాన్ని. అక్కయ్య మాత్రం మాకు దక్కలేదు. ఇంకో వేసవి చూసి, చలికాలం మొదట్లో నిద్రలోనే వెళ్ళిపోయింది. బావగారు ఇల్లు అమ్మేసి శాన్ రామన్‌లో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు, డాక్టరమ్మ వయసు మీదపడి క్లినిక్ మూసేసి కూతురి ఊరికి వెళ్ళిపోయింది. ఆ రెండు గదుల్లో ఇప్పుడు గోళ్ళకు రంగులు వేసే దుకాణం ఉంది. అటు వెళ్ళాల్సి వస్తే మా ఆయన చెప్పకుండానే వేరే రోడ్డు తిప్పుతారు.

పక్కింటి అమ్మాయి సాయంత్రం వచ్చింది. అక్కయ్య సంగతి ఎత్తకుండా, అప్పట్లో ఫోనులో చెప్పినవన్నీ వరసగా చెప్పాను, ఆ పిల్ల వింటూ ఫోనులో టకటకా కొట్టుకుంది. సంచి సంగతి చెబితే ఓకే ఆంటీ, గాట్ ఇట్ అంది. ఇంకేమైనా ఉందా అని అడిగింది. ఉందమ్మా, ఏం వాడుతున్నావో చెప్పినట్టే ఏం మానేశావో కూడా చెప్పాలి, అన్నాను. టకటక ఆగిపోయింది. ఆ పిల్ల ఫోను ఒళ్ళో పెట్టుకుని, సోఫా అంచు గిల్లుతూ కూర్చుంది.

“అమ్మకి చెప్పకండి ఆంటీ. మనసు బాలేదని డాక్టర్ నాకు ఒక టాబ్లెట్ ఇచ్చారు, లాస్ట్ ఇయర్ నుంచి. ఇప్పుడు నాచురల్‌గా వెళ్తున్నా కదా, రెండూ ఎందుకని... ఐ జస్ట్ స్టాప్డ్.”

ఇంగ్లీషులో కలలు కనే పిల్ల, పసరు అంటే ఏమిటో తెలియని పిల్ల, ఒక ఒరలో రెండు కత్తులన్న మాట జన్మలో విననే వినని పిల్ల. అయినా ఎక్కడ పట్టుకుందో చూడండి. అప్పుడు చెప్పాను అక్కయ్య గురించి, ముడుపు గురించి, క్వార్టరు నాణెం గురించి. అంతా విని, నేను అడగకుండానే నా ఎదురుగానే ఆ డాక్టరు ఆఫీసుకు ఫోను చేసి, మాత్రలు ఆపేశానని నిజం చెప్పి, ఏం చెయ్యాలో అడిగింది. మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో అక్కడ ఆ వేళలో ఫోను ఎత్తిన నర్సు వివరంగా చెబుతుంటే, నా చెయ్యి గట్టిగా పట్టుకునే వింది.

మా రోజులకూ ఇప్పటికీ చాలా మారింది. మేము తర్జుమాకు మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళం, వీళ్ళు ఒక్కరే వెళతారు. ఫారాలన్నీ ఫోనులోనే నింపేస్తారు, పెళ్ళయినా మొగుడు మాట్లాడాలని చూడరు, డాక్టరు లైసెన్సు ముందే వెతికి చూసుకుంటారు. ఏ మందు దేనితో కలవకూడదో గుక్కతిప్పుకోకుండా చెబుతారు. ఇవన్నీ అక్కయ్య కాలంలో ఉంటే ఎంత బాగుండేదని అనుకుంటాను. కానీ ఎలా ఉన్నావని అడిగితే ఐయామ్ గుడ్ అని వీళ్ళు అనే తీరు విన్నప్పుడు, మాట మారింది గానీ అది మా ఇంటి మాటేనని గుర్తుపడతాను. కూర్చుని, తలుపు వేసి, ఆ జవాబును నమ్మకుండా ఇంకాసేపు ఎదురుచూసే మనిషి మాత్రం ఎక్కడా కనబడడం లేదు.

ఆ పిల్ల వెళ్ళడానికి లేచింది. గుమ్మం దాకా వెళ్ళి, నా మొహం చూసి ఆగింది.

“మీరు ఓకేనా ఆంటీ?”

బాగానే ఉన్నా అనే మాట నోటి చివరిదాకా వచ్చింది. అది మా అక్కయ్యకు మిగిలిన మాట, దాన్ని ఆమెకే వదిలేశాను.

“లేనమ్మా,” అన్నాను. “కాసేపు కూర్చో.”